ముగ్గురాయి బాటకు అడ్డంగా కంప

2019 ఎండాకాలం. కడప జిల్లాలో పులివెందుల వైపు కొండల్లో నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. బీట్ అంటే అడవిలో ఒక ఉద్యోగి కాపలా కాయవలసిన ముక్క. ఆ ముక్కలో చెట్టు కొట్టినా, నిప్పు పడినా, జంతువు చచ్చినా ముందుగా జవాబు చెప్పవలసింది బీట్ ఆఫీసరే. మా కొండల్లో ఎర్రచందనం ఉంది కాబట్టి జవాబు చెప్పుకోవలసిన రోజులు ఎక్కువగానే ఉండేవి.

మా ఊరు కమలాపురం దగ్గర. సెలవు దొరికిన ఆదివారం చర్చికి పోతే, ఆరాధన అయ్యాక ఆడవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. "ఏం రూతూ, అడివిలో ఒక్కదానివే తిరుగుతాండావంట. చిరుతపులి వస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగేవాళ్లు. చిరుత నన్ను చూస్తే అదే పక్కకు తప్పుకుంటుందని చెబితే నమ్మేవాళ్లు కాదు. నిజానికి అడవిలో నేను జంతువుల కోసం చూసేది తక్కువ. తెగిన కొమ్మ, తొలగిన రాయి, ఉండకూడని చోట బీడీ ముక్క, ఇలాంటి వాటి మీదే నా చూపు ఉండేది. దేన్ని చూసినా 'ఇదెందుకు ఇలా ఉంది' అనుకోవడం ఈ ఉద్యోగంలో మొట్టమొదట అంటుకునే గుణం. అది ఇంటికి కూడా వెంట వస్తుంది. గడప దగ్గర చెప్పులు ఎప్పటిలా కాకుండా కొంచెం పక్కకు ఉన్నా నేను నిలబడి చూస్తానని మా తమ్ముడు నవ్వేవాడు.

ఆ మార్చిలో డివిజన్ ఆఫీసు నుంచి ఒక పని వచ్చింది. మా బీట్‌లో నుంచి ఒకప్పుడు ముగ్గురాయి గనులకు బండ్లబాట ఉండేది. ముగ్గురాయిని ఇంగ్లీషులో బెరైటీస్ అంటారు. తెల్లగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే కంటికి కనిపించినదాని కన్నా చాలా బరువు తూగుతుంది. కొండ కడుపులో పొరలు పొరలుగా దొరికే ఆ రాయిని కూలీలు తవ్వి, ఎద్దులబండ్ల మీద దించి, రైలు స్టేషనుకు తోలేవాళ్లు. పొరలు అయిపోయాక గనులు మూతపడ్డాయి. బాట అడవిలో కలిసిపోయింది. కొండలెక్కడానికి పట్నాల నుంచి వచ్చేవాళ్లు పెరిగారు కాబట్టి ఆ పాత బాటను ట్రెకింగ్ దారిగా చేయవచ్చా అని డివిజన్ వాళ్ల ఆలోచన. నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిచి జీపీఎస్ ట్రాక్ తీసి పంపాలి. మనం నడిచిన దారిని చేతిలోని పరికరం గీతలాగా గీసుకుంటూ పోతుంది. దాన్నే ట్రాక్ అంటాం.

నాతో నడవవలసినవాడు ఓబులేసు. అతను ప్రొటెక్షన్ వాచర్. అంటే మా శాఖ రోజుకూలికి పెట్టుకునే స్థానిక కాపలా మనిషి. కొండ కిందనే ఎర్రగుట్ట కొట్టాల అనే చిన్న పల్లె అతనిది. నలభై దాటినవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. నేను చేరిన కొత్తలో ఒకసారి ఎలుగుబంటి ఎదురైతే నన్ను బండ వెనక్కి లాగి తాను ముందు నిలబడ్డాడు. అందుకే అతని మీద అనుమానపడడానికి నాకు కొంత సమయం పట్టింది.

బాట సంగతి చెప్పగానే అతని ముఖం మారింది.

"ఆ దావ ఇంగ యాడుంది మేడం? మూసుకపోయి శానా కాలమాయె. ఆడ కంప తప్ప ఏం లేదు."

"ఎంతవరకు ఉంటే అంతవరకు చూద్దాం అన్నా."

"ఎండలు సూడండి ఎట్లుండాయో. నాలుగు వానలు పడినాక పోదాం."

నిప్పులు చెరిగే ఎండలో కూడా ఒక్కమాట అనకుండా తిరిగే మనిషి ఎండను సాకుగా చెప్పడం నాకు వింతగా తోచింది. అయినా మరునాడు బయలుదేరాం. కొండ మొదట్లో పాత బాట ఎక్కవలసిన చోట పెద్ద కంపకుప్ప అడ్డంగా ఉంది. ఓబులేసు దాని వైపు చూడను కూడా చూడకుండా నన్ను కుడివైపు తిప్పి, మేకలు పోయే దారిలో ఎక్కించాడు. నిటారుగా ఉన్న ఎక్కుడు. రాళ్లు కాళ్ల కింద జారిపోతున్నాయి. పైకి చేరేసరికి ఎదురుగా లోయ, కింద బండలు.

"ఇంతే మేడం. బాట ఈడికి అయిపోతాది," అన్నాడు.

నేను మ్యాపు తీశాను. మా పాత మ్యాపుల్లో బండ్లబాటను తెగిన గీతలతో చూపిస్తారు. ఆ గీత కొండను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కుతోంది. లోయ అంచున ఆగడం లేదు. మ్యాపు లేకపోయినా తెలిసే సంగతే అది. మేము ఎక్కి వచ్చిన నిటారులో బరువు బండి దించితే ఎద్దుల మెడలు విరిగిపోతాయి. ఇది బండ్లబాట కాదు. ఆ సంగతి నాకన్నా ఓబులేసుకు బాగా తెలుసు.

మ్యాపు మడిచి సంచిలో పెట్టుకున్నాను. దిగేటప్పుడు అతను నా నుంచి దూరంగా పోయి ఎవరికో ఫోన్ చేశాడు. గాలి ఇటువైపు ఉండి ఒక్క మాట వినిపించింది. "తిరుక్కుంటాండాం. ఏం కాలేదు."

వెనక్కి వస్తున్నాం, ఏం కాలేదని ఎవరికి చెబుతున్నాడు? ఏం అవుతుందని వాళ్లు భయపడుతున్నారు? ఆ పూట అన్నం తింటున్నా అదే ఆలోచన. ఎర్రచందనం ఉన్న కొండల్లో వాచర్లను దొంగలు మచ్చిక చేసుకోవడం కొత్త సంగతి కాదు. దారి చూపించడానికి, కాపలావాళ్లు ఏ వైపు ఉన్నారో చెప్పడానికి వాళ్లకు లోపలి మనిషి కావాలి. ఓబులేసు అలాంటివాడని అనుకోవడానికి మనసు ఒప్పలేదు. అనుకోకుండా ఉండడానికి ఉద్యోగం ఒప్పలేదు.

అతనికి సెలవు రోజు చూసుకొని నేనొక్కదాన్నే ఆ కంపకుప్ప దగ్గరికి పోయాను. దూరం నుంచి చూస్తే గాలికి కొట్టుకొచ్చి పడిన కంపలాగే ఉంది. దగ్గర కూర్చొని చూస్తే నరికిన మొదళ్లన్నీ లోపలివైపు, ముళ్లన్నీ బయటివైపు ఉన్నాయి. పైగా అది సర్కారుకంప. చెరువుల్లో, వంకల్లో పెరిగే చెట్టు. ఆ కొండ మీద ఒక్కటి కూడా లేదు. అంటే ఎవరో కింద చెరువులో నరికి, మోసుకొచ్చి, జాగ్రత్తగా పేర్చారు. కుప్ప వెనక నేల మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు. మేకలవి లేవు, కుందేలుది కూడా లేదు. కొమ్మతో ఊడ్చిన గీతలు మాత్రం సన్నగా కనిపిస్తున్నాయి. ఆ క్షణంలో ఎవరైనా పై నుంచి నన్ను చూస్తున్నారా అనిపించి, తల ఎత్తకుండానే లేచి వచ్చేశాను.

మరో రోజు కుప్పకు పైన ఉన్న ఒక చెట్టుకు కెమెరా ట్రాప్ కట్టాను. అది తన ముందు ఏదైనా కదిలితే తనంతట తానే ఫోటో తీసే పెట్టె. చిరుతల కోసం మోకాటి ఎత్తున కడతాం కాబట్టి మనుషులు వస్తే కాళ్లు మాత్రమే పడతాయి. ఓబులేసుకు చెప్పలేదు. అతనికి చెప్పకుండా అడవిలో నేను చేసిన మొదటి పని అదే.

కొన్ని రోజులకు పోయి ఫోటోలు తీసి చూశాను. తెల్లవారుజామున ఎక్కే కాళ్లు, వెలుగు రాకముందే దిగే కాళ్లు. అన్నీ ఆడవాళ్లవే. చీర అంచులు, మెట్టెలు. ఎక్కేటప్పుడు తేలికగా పడిన అడుగులు దిగేటప్పుడు మడమలు భూమిలో గుచ్చుకునేట్టు పడుతున్నాయి. తల మీద బరువుందన్నమాట. దుంగలను చిన్న ముక్కలు చేసి, కట్టెలమోపుల నడుమ పెట్టి ఆడవాళ్ల చేత దింపించడం దొంగలకు తెలిసిన పనే. ఒక ఫోటోలో మాత్రం మగమనిషి కాళ్లు ఉన్నాయి. టైరుచెప్పులు, ఎడమదానికి పట్టీ తెగితే ప్లాస్టిక్ తాడుతో కట్టుకున్న ముడి. ఆ ముడిని నేను రోజూ చూస్తాను.

ఫోటోలు తీసుకొని రేంజర్ సారు దగ్గరికి పోయాను. ఆయన మా పై అధికారి, మా చుట్టుపక్కల బీట్లన్నీ ఆయన కిందనే ఉంటాయి. ఒక్కొక్కటి జరిపి చూశాడు.

"పాత గనుల్లో సరుకు దాచినట్టున్నారు. అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? ఎల్లుండి తెల్లవారి స్ట్రైకింగ్ ఫోర్స్‌తో వస్తాం," అన్నాడు. స్ట్రైకింగ్ ఫోర్స్ అంటే తుపాకులతో తిరిగే మా గస్తీ దళం. "అంతవరకు నువ్వు అటు పోవద్దు. ఆ వాచర్‌కు వాసన కూడా తగలకూడదు."

సరేనన్నాను. కానీ మరునాడు ఎర్రగుట్ట కొట్టాలకు పోయాను. అడవిలో నిప్పు పడకుండా జాగ్రత్తలు చెప్పడానికి ఎండాకాలం పల్లెలకు పోతూనే ఉంటాం కాబట్టి ఎవరికీ అనుమానం రాదనుకున్నాను. నాకు కావలసింది వాళ్ల ముఖాలు చూడడం.

అరుగు మీద ఒక అవ్వ కాలు చాపుకొని కూర్చుంది. మోకాలి కింద పిండికట్టు. పేరు లక్ష్మక్క అని చెప్పింది.

"కాలికేమైంది అవ్వా?"

"చింతచెట్టు ఎక్కి పడితిని మేడమ్మా."

"ఈ వయసులో చెట్టెక్కినావా?"

"నేనెక్కకపోతే కాయలు ఎవురు రాలుస్తారు మల్ల?"

పక్కనున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను తలతిప్పి పల్లెంతా చూశాను. వేపచెట్లున్నాయి, ఒక కానుగచెట్టుంది. చింతచెట్టు కనుచూపు మేరలో లేదు. ఇంకొకటి కూడా కనిపించింది. ఆ ఏడు చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. ట్యాంకరు కోసం పెట్టిన నీలం డ్రమ్ములు అడుగంటి దుమ్ము పట్టి ఉన్నాయి. కానీ తీగల మీద ఉతికిన చీరలు ఆరుతున్నాయి. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. ఒక దూడ కుడితితొట్టిలో మూతి పెట్టి తాగుతోంది. నేను దాన్ని కూడా నా అనుమానానికే కలుపుకున్నాను. చేతిలో దుడ్లు ఆడుతున్నాయి, నీళ్లు కొని తెప్పించుకుంటున్నారు అనుకున్నాను. ఒకదాన్ని నమ్మడం మొదలుపెట్టాక కళ్ల ముందు ఉన్నదంతా దానికే సాక్ష్యం చెబుతుంది.

అయినా ఇంటికి వచ్చాక అవ్వ కాలు నన్ను వదలలేదు. దొంగసరుకు మోయడానికి ఆ వయసు మనిషిని ఎవరు పెట్టుకుంటారు? మరునాడు తెల్లవారి తుపాకులు కొండెక్కుతాయి. మసక వెలుతురులో నెత్తిన బరువులతో ఆడవాళ్లు దిగుతుంటారు. ఎవరైనా ఆగండని అరిస్తే ఆగుతారా, పరిగెత్తుతారా? అది తలచుకుంటే కూర్చోలేకపోయాను. పోవద్దన్న మాట మీరి, ఓబులేసుకు ఫోన్ చేసి కొండ మొదటికి రమ్మన్నాను. అప్పటికి పొద్దు బాగా ఎక్కలేదు.

అతను వచ్చాడు. చేతిలో మచ్చుకత్తి ఉంది. వాచర్ల చేతిలో అది ఎప్పుడూ ఉండేదే, కానీ ఆ రోజు నా కళ్లు దాని మీద నుంచి రాలేదు.

"అన్నా, ఈ కంప నువ్వే కదా వేసింది?"

అతను కంప వైపు చూశాడు.

"తీయి."

"తీయను మేడం."

"నీ చెప్పులు ఫోటోలో పడినాయి. పైన ఏముందో నువ్వే చెబితే నీకే మంచిది."

అతను కంపకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆ చోట ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. అది చూసి అతను తన చేతి వైపు చూసుకున్నాడు. ఎందుకు వెనక్కి జరిగానో అప్పుడు అర్థమైనట్టుంది. మచ్చుకత్తిని నేల మీద పెట్టి, కాలితో నా వైపు నెట్టాడు.

"పైన మా ఆడోళ్లుండారు మేడం. ఇయ్యాల పొద్దెక్కి పోయినారు. మిమ్మల్ని సూస్తే పరిగెత్తుతారు. గవిలో పరిగెత్తితే సస్తారు. నేను ముందు పోయి ఒక కేకేసి వస్తా."

గవి అంటే గుహ. ముందుపోయి హెచ్చరించి పంపేస్తాడా? అంత దగ్గరగా వచ్చాక కూడా నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే.

"నువ్వు ముందు నడువు. నేను వెనక వస్తా. కేక నేనున్నప్పుడే వెయ్యి," అన్నాను. మచ్చుకత్తి నా చేతికి తీసుకున్నాను.

కంప తొలగించగానే బాట కనిపించింది. అడవిలో అన్నేళ్లు తిరిగినా అలాంటి దారి నేను చూడలేదు. పరుపు బండ మీద బండిచక్రాలు అరగదీసిన రెండు గాళ్లు, చెయ్యి పట్టేంత లోతు. లోయవైపు సున్నం లేకుండా పేర్చిన రాతికట్ట, ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. మలుపుల దగ్గర ఎద్దులు నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి చదును చేసిన చోట్లు. బండ్ల మీద నుంచి రాలిన ముగ్గురాయి ముక్కలు దారి పొడవునా తెల్లగా మెరుస్తున్నాయి. వేరే రోజయితే ప్రతి మలుపులోనూ ఆగి ఉండేదాన్ని. ఆ రోజు మలుపు వచ్చినప్పుడల్లా అతనికి నాకు మధ్య దూరం పెంచాను. అవతల ఎవరున్నారోనని ముందు చెవి పెట్టి, తర్వాత తల పెట్టాను. చెట్ల మీద పిట్టలు మామూలుగా అరుస్తూ ఉన్నందుకు కొంచెం ధైర్యం వచ్చింది. పైన మనుషులు పొంచి ఉంటే పిట్టలు అలా అరవవు.

గని దగ్గర తవ్విపోసిన మట్టి, రాయి గుట్టలుగా పడి ఉంది. దాని వెనక కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగం. దాని నోటి ముందు ఓబులేసు ఆగి కేక వేశాడు. "అంజనమ్మా! నేనే. మేడం వచ్చింది. ఎవురూ ఉరకొద్దండి!"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కొంతసేపటికి ఒకామె బయటికి వచ్చింది. ఓబులేసు భార్య అంజనమ్మ. మోకాళ్లదాకా చీర తడిసి ఉంది. నెత్తిన నిండు బిందె. ఆమె వెనక ఇంకొందరు, అందరి నెత్తినా బిందెలే. మడమలు భూమిలో గుచ్చుకునేట్టు చేసిన బరువు నీళ్లు. కెమెరా రాత్రిపూట తీసే నలుపు తెలుపు ఫోటోల్లో తడి చీర, నీడ ఒక్కలాగే కనిపిస్తాయి.

"వచ్చినారా? రాండి," అంది అంజనమ్మ. "దీనికి గూడా బోర్డు పెట్టండి. ఇదొకటి మిగిలిండె."

ఆమె మాట అర్థం కావడానికి ఓబులేసు చెప్పవలసి వచ్చింది. కొండకు అవతలివైపు ఒక ఊట ఉండేదట. చాలా ఏళ్ల కిందట, నేను ఉద్యోగంలో చేరకముందు, జంతువుల కోసమని దాని చుట్టూ కంచె వేసి, ఎవరూ రాకూడదని బోర్డు పెట్టారు. లోపలికి పోయినవాళ్ల మీద కేసులు పెట్టారు. ఆ కంచె వేయడానికి ముందు ఒక ఆఫీసరు వచ్చి, ఊట చూసి, చల్లగా ఉన్నాయే నీళ్లు అని మెచ్చుకొని పోయాడట. అప్పటి నుంచి ఆ పల్లెవాళ్లు అడవిలో నీళ్లున్న చోటు మాకు చూపించరు.

"ట్రెకింగ్ అంటిరి. పట్నమోళ్లు వస్తే గవి సూస్తారు, ఫోటోలు తీస్తారు. మల్ల మాకు యాడివి నీళ్లు?" అన్నాడు ఓబులేసు. "కూలికి మీ కాడ పనిచేస్తాండా. గొంతు తడిసేది ఈడ. రెండింటికీ నడాన యాడ నిలబడాల్నో నాకు తెలియలేదు మేడం."

నేను లోపలికి పోయి చూశాను. నాలుగు అడుగులు వేసేసరికి చల్లటి గాలి తగిలింది. నేల కిందికి వాలుతూ పోయి నల్లటి నీటిలో కలుస్తోంది. టార్చి పైకి తిప్పినప్పుడు మాత్రం ఉన్నచోటే ఆగిపోయాను. కప్పుకు పెట్టిన పాత దూలాలు చెదలు తినేసి పిట్టగూడులా ఉన్నాయి. వాటి పైన మంచమంత రాతిపలక ఒకవైపు విడిపోయి వేలాడుతోంది. దాని కింద నుంచే వాళ్లు బిందెలు ముంచుకుంటున్నారు.

"లక్ష్మక్క పడింది ఈడనే కదా?" అని అడిగాను.

"పడలేదు. రాయే ఆయమ్మ మీద పడె," అంది అంజనమ్మ. "ఆస్పత్రిలో చింతచెట్టు అని చెప్పినాం."

ఇక తెల్లవారి రాబోయే దళం సంగతి. చెబితే ఆపరేషన్ బయటపెట్టినట్టు. చెప్పకపోతే వీళ్లు మళ్లీ వస్తారు. "రేపు పొద్దున ఎవరూ కొండెక్కొద్దు," అని మాత్రం అన్నాను.

"యాల?" అంది అంజనమ్మ. "ఎందుకో చెప్పు. చెప్పకపోతే వస్తాం. నువ్వు రావద్దంటే మాకు ఇంగా భయమైతాది."

న్యాయమైన మాట. ఓబులేసును వెంటబెట్టుకొని సిగ్నల్ దొరికే గట్టు మీదికి ఎక్కి రేంజర్ సారుకు ఫోన్ చేశాను. చూసినదంతా చెప్పాను.

"నిన్న దుంగలన్నావు. ఈ రోజు నీళ్లంటున్నావు. ఆ వాచర్ నీ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు సార్."

"వాడు చెప్పమన్నది చెబుతున్నావా?"

వాచర్లతో కలిసిపోయిన సిబ్బంది గురించి మేము మాట్లాడుకునే మాటలన్నీ నాకు తెలుసు. ఇప్పుడు ఆ మాటల్లో నా పేరు చేరుతోంది. నేను ఎంత వివరంగా చెబితే అంత అబద్ధంలాగా వినిపిస్తుందని తెలిసి, "సార్, నన్ను నమ్మవద్దు. ఈ రోజే వచ్చి మీ కళ్లతో చూడండి. దళం లేకుండా రండి," అన్నాను.

మధ్యాహ్నానికి వచ్చాడు. దళం లేకుండా రాలేదు. తుపాకులున్న ఇద్దరు గార్డులను తెచ్చుకున్నాడు. ఆడవాళ్లు గుట్ట నీడన ఒక్కచోట ముడుచుకొని కూర్చున్నారు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా సొరంగంలోకి పోయి మూలమూలా వెదికాడు. పక్కనున్న చిన్న గోతుల్లో కర్ర పెట్టి పొడిచాడు. దుంగ కాదు కదా, చెక్కపేడు కూడా దొరకలేదు. ఇంకొంచెం లోపలికి పోబోతుంటే కప్పు నుంచి గుప్పెడు రాళ్లు టపటపా నీళ్లలో పడ్డాయి. ఆయన తలెత్తి ఆ పలకను చూశాడు. చాలాసేపు చూశాడు. బయటికి వచ్చి టోపీ తీసి బండ మీద కూర్చున్నాడు.

"దీని కింద నుంచా రోజూ తెచ్చుకుంటున్నారు?" అని అంజనమ్మను అడిగాడు.

"బయట దొరికితే లోపలికి యాల పోతాం సార్?"

ఆయన లేచి గట్టు మీదికి పోయి ఫోన్ చేసి దళాన్ని ఆపేశాడు.

తర్వాత జరిగినదంతా సులువుగా జరగలేదు. గనిలోకి మనుషులను పోనివ్వడానికి లేదు, నీళ్లు ఆపడానికి మనసు రాదు. రేంజర్ సారుది తోటలున్న కుటుంబం. లోపలి నీటి కన్నా బయటి వాలు కిందికి ఉంది కాబట్టి పైపు వేసి నింపి వదిలితే నీళ్లు వాటంతట అవే దిగుతాయని ఆయనే చూసి చెప్పాడు. సొరంగం నోటికి ఇనుప గ్రిల్ బిగించాం. దానిలోంచి పైపు తెచ్చి, ఎద్దులు ఆగే ఒక చదునులో తొట్టి కట్టాం. కాగితం మీద అది అడవి జంతువుల నీటితొట్టి. దాని పక్కన ఒక కొళాయి ఉందని కాగితంలో లేదు. నీళ్లు పరీక్షకు పంపాం. తాగవచ్చని వచ్చింది. ట్రెకింగ్ దారికి ఆ బాట పనికిరాదని, గని కప్పు ప్రమాదంగా ఉందని నేను రిపోర్టు రాశాను. అది అబద్ధం కాదు.

ఓబులేసు వాచర్ పని మాత్రం పోయింది. ఆఫీసరును తప్పుదారి పట్టించినవాడిని కాపలాకు పెట్టుకోలేనని సారు అన్నాడు. నేను చెప్పి చూశాను, వినలేదు. చివరికి మా నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసే పని ఇప్పించగలిగాను. అడవి తెలిసిన మనిషిని తీసుకుపోయి ప్లాస్టిక్ సంచుల మధ్య కూర్చోబెట్టాం. అది నాకు ఇప్పటికీ బాధే.

కొళాయి పెట్టినా పల్లె నుంచి ఒక్కరూ రాలేదు. మేము తొట్టి దగ్గర నిలబడితే కింద చెట్ల చాటున చీరలు కనిపించేవి, మళ్లీ మాయమయ్యేవి. పట్టుకుంటే కేసు పెడతారని వాళ్ల భయం. ఓబులేసు పని పోవడంతో ఆ భయానికి రుజువు కూడా దొరికినట్టయింది.

ఒక ఉదయం నేనూ సారూ అక్కడ ఉండగా కింద నుంచి చక్రాల చప్పుడు వినిపించింది. ఎద్దులబండి. ఎన్ని ఏళ్ల తర్వాతో ఆ బాట మీద బండి ఎక్కుతోంది. చక్రాలు పాత గాళ్లలోనే సరిగ్గా పడి వస్తున్నాయి. ఓబులేసు తోలుతున్నాడు. బండిలో గడ్డి మీద పిండికట్టు కాలు చాపుకొని లక్ష్మక్క, ఆమె చుట్టూ ఖాళీ బిందెలు. కింద చెట్ల చాటున ఆడవాళ్లు ఆగిపోయి చూస్తున్నారు.

బండి తొట్టి దగ్గర ఆగింది. అవ్వ దిగలేదు.

"ఆయప్పను తాగమను," అంది రేంజర్ సారు వైపు చూపుడువేలు పెట్టి. "తాగి ఈడనే కూర్చోమను. అప్పటి ఆఫీసరు మాదిరి మెచ్చుకొని పోకూడదు."

సారు నా వైపు చూశాడు. కొళాయి కింద దోసిలి పట్టి తాగాడు. అవ్వ ఆయన ముఖాన్నే చూస్తూ ఉంది. ఆయన తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఎండ ముదురుతోంది. ఎద్దులు తొట్టిలో మూతులు పెట్టాయి.

"ఈ నీళ్లకు ఎవురి మీదా కేసు లేదని నోటితో చెప్పప్పా. కింద మావాళ్లకు ఇనపడేట్టు చెప్పు," అంది.

ఆయన లేచి నిలబడి చెప్పాడు. మొదటిసారి మాట కిందిదాకా పోలేదు. రెండోసారి గట్టిగా చెప్పాడు. కొంతసేపటికి అంజనమ్మ చెట్లలోంచి బయటికి వచ్చింది. బిందె కొళాయి కింద పెట్టి, నిండేదాకా మా ఇద్దరి మీద నుంచి చూపు తిప్పలేదు.

అప్పటివరకు అనుమానపడడం మా ఉద్యోగమే అనుకునేదాన్ని. అవతలివాళ్లకు మేమూ అలాగే కనిపిస్తామని ఆ రోజు ఆమె చూపు కింద నిలబడితే తెలిసింది. ఆ కంపను దొంగలు వేయలేదు, మాకు భయపడినవాళ్లు వేశారు.

అలాగని నేను అనుమానపడడం మానలేదు. తర్వాత ఇంకో బీట్‌లో ఇలాగే దారికి అడ్డంగా ఉన్న కంప వెనక నిజంగానే దుంగలు దొరికాయి. ఆ పూట స్ట్రైకింగ్ ఫోర్స్‌ను పిలిచింది కూడా నేనే. కానీ పిలవకముందు కింది పల్లెకు పోయాను. కెమెరా కట్టలేదు, నిప్పు జాగ్రత్తల సాకు చెప్పలేదు. అరుగు మీద కూర్చొని, ఆ దారి ఎవరు మూశారు, మా వల్ల మీకేమైనా ఇబ్బందా అని సూటిగా అడిగాను. మూసింది దొంగలేనని వాళ్లు నిజం చెప్పడానికి సాయంత్రమైంది. సాయంత్రం దాకా కూర్చున్నాను.